వరస తేలందే వైఫై లేదు

మా బాల్‌రాజ్‌కు ఒక్కటే గుణం. ఎదుటి మనిషి తనకు ఏం వరస అవుతడో తేలేదాక ఏ పనీ మొదలుపెట్టడు, ఇంకొకరిని మొదలుపెట్టనియ్యడు. అన్న, తమ్ముడు, బావ, మామ, అల్లుడు, వియ్యంకుడు, ఏదో ఒకటి కావాలె. తనకు ఏమీ కాని మనిషి లోకంలో ఉంటడంటే ఆయన నమ్మడు. ఉన్నడంటే మనం సరిగ్గ అడగలేదన్నమాట.

ఒకసారి మొయినాబాద్ చౌరస్తాల ట్రాఫిక్ పోలీసు ఆపిండు, హెల్మెట్ లేదని. బండి పక్కకు పెట్టమన్నడు పోలీసు. పెడత గని మీది ఏ ఊరన్నడు బాల్‌రాజ్. పావుగంటల ఆ పోలీసు తోడల్లుని వరస అయిండు. తోడల్లుడు అంతగనం చెప్పినంక వినకపోతే బాగుండదని ఆ రోజునుంచి బాల్‌రాజ్ హెల్మెట్ పెట్టుడు మొదలుపెట్టిండు. పాల పాకెట్‌కు నడుచుకుంట పోయేటప్పుడు కూడా పెట్టుకునే పోతడు.

ఇంకోసారి ఎవడో మోసగాడు బ్యాంకు మేనేజర్‌నని ఫోన్ చేసి, మీ ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పుండ్రి అన్నడు. నంబరు యాడికి పోతది, ముందు మీ ఇంటిపేరు చెప్పమన్నడు ఈయన. వాడు ఏదో పేరు చెప్పిండు. ఆ ఇంటిపేరోళ్లు ఎవరెవరు ఏ ఊర్ల ఉన్నరు, ఎవరి పిల్లను ఎవరికి ఇచ్చిండ్రు, నలభై నిమిషాలు నడిచింది. ఆఖరుకు మోసగాడే ఫోన్ కట్ చేసి ఈయన నంబరు బ్లాక్ చేసిండు. బాల్‌రాజ్ ఇప్పటికీ బాధపడుతడు. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే వాడు మేనల్లుడు అయ్యేటోడట.

పదకొండేండ్ల కింద నేను షాబాద్ నుంచి వచ్చి వాళ్ల పై అంతస్తు కిరాయికి అడిగిన. మాది దుకాణం నడుపుకున్న కుటుంబం. వాళ్లది సురంగల్‌ల ఎవుసం. మాకూ వాళ్లకూ పొత్తు కుదిరే దారి నాకైతే కనిపించలేదు. ఆయనకు కనిపించింది. మా చిన్నాయన దుకాణంల వాళ్ల నాయన ప్రతి ఉగాదికి బెల్లం కొనేటోడట. కొన్నప్పుడల్లా మా చిన్నాయన ఒక ముక్క ఎక్కువ ఏసి "బామ్మర్దీ, ఇది నీ నోట్లకు" అనేటోడట. నేను పైకి పోయి ఇల్లు చూస్తనన్న. బావమరుదుల నడుమ ఇల్లు చూసుకునుడేందన్నడు. చూడకుండనే ఆ ఇంట్ల దిగిన. దిగినంక తెలిసింది, వంటింటికి కిటికీ లేదని. బావకు చెప్పుకుంటే నవ్విండు. బావలు ఉన్నదే నవ్వడానికన్నడు.

అదీ సంగతి. వరస అంటే ఆయనకు ఉత్త పిలుపు కాదు. ప్రతి వరసకూ ఒక చట్టం ఉన్నది. అల్లుడైతే కూర్చోబెట్టి తినబెట్టాలె, చెయ్యి మట్టి కానియ్యొద్దు. వియ్యంకుడైతే పల్లెత్తు మాట అనొద్దు. ఆడబిడ్డ అయితే బరువు ఎత్తనియ్యొద్దు. బావ అయితే దొరికినకాడికి ఏడిపియ్యొచ్చు. ఈ చట్టాలు తెలిస్తే తప్ప ఆ ఇంట్ల పన్నెండు రోజులు వైఫై ఎందుకు కలవలేదో అర్థం కాదు.

నిరుడు బాల్‌రాజ్ భార్య ప్రమీలమ్మకు నడుము ఆపరేషన్ అయింది. వంగితే మళ్ల దవాఖానకు రావాలె అని డాక్టర్ గట్టిగ చెప్పిండు. నార్సింగిల ఉండే బిడ్డ సమత, అల్లుడు మహేష్ కలిసి ఇల్లు ఊడ్చే రోబో తెచ్చి పెట్టిండ్రు. గుండ్రంగ, గంజు మీద మూత పెద్దదైతే ఎట్లుంటదో అట్ల ఉన్నది. ఇల్లంత తానే తిరిగి ఊడ్చి, పోయి గోడకాడ తన గూట్ల కూర్చుంటది. ఏ అర్రలకు పోవాలె, యాడ ఆగాలె అనేది ఫోన్‌ల గీత గీసి చెప్పాలె.

దాన్ని గూడ బాల్‌రాజ్ ఊకె ఉండనియ్యలేదు. మహేష్ తెచ్చిండు కాబట్టి అది మహేష్‌కు తమ్ముడు. అంటే తనకు చిన్నల్లుడు. అది గుర్రుమనుకుంట కుర్చీ దిక్కు వస్తే రెండు కాళ్లూ పైకి ఎత్తి, "రా అల్లుడా, జర పైలం, గడప ఉన్నది" అనేటోడు. అల్లుని చేత ఇల్లు ఊడిపిచ్చుడు ఆయనకు మొదట్ల మనసొప్పలేదు. ప్రమీలమ్మనే తేల్చి చెప్పింది, ఈ ఇంటి అల్లుండ్లల్ల పని చేసేటోడు ఇదొక్కడేనని, దాన్ని గూడ చెడగొట్టొద్దని.

మొన్న ఎండకాలం రోడ్డు పనిల పాత ఇంటర్‌నెట్ కేబుల్ తెగింది. పాతోళ్లు మళ్ల తీగె గుంజుడు మా వల్ల కాదన్నరు. కొత్త కంపెనీ కనెక్షన్ తీసుకున్నరు. కొత్త డబ్బా, కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్. ఇంట్ల టీవీ వచ్చింది, ఫోన్లు వచ్చినయి. చిన్నల్లుడు మాత్రం కదలలేదు. దానికి పాత వైఫై పేరు తప్ప ఇంకోటి తెల్వదు. దాని మీద ఉన్న బటన్ నొక్కితే తిరుగుతది గని, ఫోన్ మాట వినదు కాబట్టి గీతలు పాటించదు. మొదటి రోజు బటన్ నొక్కి చూసిండ్రు. తిన్నగ దేవునర్రలకు పోయి, కుంకుమ భరిణ బోర్లేసి, ఆ కుంకుమ ఇల్లంత పూసింది. హాలు బోనాల జాతరోలె అయింది.

బాల్‌రాజ్ కంపెనీకి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించిండు: "మా చిన్నల్లుడు మీ వైఫై ఎక్కుతలేడు." అవతలామె ఏం రాసుకున్నదో నాకు తెల్వదు.

మొదటి రోజు శ్రవణ్ అనే పిలగాడు వచ్చిండు. మధ్యాహ్నం మూడున్నర. ఏ ఊరు బిడ్డా అన్నడు బాల్‌రాజ్. ఆలూరు అన్నడు వాడు. ఇంకేమున్నది, బాల్‌రాజ్ చిన్నాయన బిడ్డను ఇచ్చింది ఆలూరుకే. మన పిల్లను ఇచ్చిన ఊర్ల పిలగాండ్లందరు మనకు అల్లుండ్లే. వాని చేతిల సంచి గుంజి పక్కకు పెట్టిండ్రు. జొన్నరొట్టెలు, కోడికూర పెట్టిండ్రు. తిన్నంక ఫ్యాను కింద దివాన్ చూపెట్టిండ్రు. వాడు లేచేసరికి ఐదున్నర, డ్యూటీ టైం అయిపోయింది. డబ్బా మూత కూడా తియ్యకుండ పోయిండు.

నాలుగు రోజులకు రాకేష్ వచ్చిండు, నలభై ఏండ్ల మనిషి, శ్రవణ్‌కు పైవాడు. ఈసారి ప్రమీలమ్మ నాలుగు మాటలు అడగాలెనని కొంగు దోపుకొని తలుపుల నిలబడ్డది. ఆమె నోరు తెరిచేలోపల బాల్‌రాజ్ ఊరు అడిగిండు. షాబాద్ అన్నడు, మా ఊరే. సమతను ఒకప్పుడు షాబాద్ సంబంధం అడిగిండ్రు. అది కుదరలేదు. కుదిరితే రాకేష్ చిన్నాయన వీళ్లకు వియ్యంకుడు అయ్యేటోడు. చిన్నాయన వియ్యంకుడైతే నువ్వు వియ్యంకునివి కావా అన్నడు బాల్‌రాజ్. కుదరని సంబంధానికి వియ్యంకుడు ఎట్ల అవుతడని ప్రమీలమ్మ అడిగింది. కుదరకపోవుడు వాళ్ల తప్పు కాదు కదా అన్నడీయన. రాకేష్ మెడల కొత్త తువ్వాల పడ్డది, చాయ వచ్చింది, బుగులు తీరిన మొకంతోని ఆయనా పోయిండు. వైఫై యాడిదాడనే.

ఈ పన్నెండు రోజులు బాల్‌రాజ్ పొద్దున లేచి తానే చీపురు పట్టుకున్నడు. ఆయన ఊడిస్తే దుమ్ము పోదు, ఊరు తిరిగొస్తది. హాల్ల దుమ్ము అర్రలకు, అర్రల దుమ్ము హాల్లకు. ప్రమీలమ్మ చూసి చూసి, ఎవరూ లేనప్పుడు వంగి చీపురు అందుకోబోయి, నడుము పట్టుకొని కూర్చున్నది.

మూడోసారి మనిషి వస్తున్నడని కంపెనీ మెసేజ్ వచ్చిన పొద్దున ఆమె మెట్లెక్కలేక కింద నిలబడే నన్ను పిలిచింది. ఆయనకు నేను బావనైతే ఆమెకు అన్ననవుత. అందుకని అన్నగానే అడిగింది. "అన్నా, ఈసారి వచ్చినోళ్ల ఊరు ఆయన అడగకుండ చూడే. పని అయినంక వియ్యంకుణ్ని చేసుకుంటడో, అల్లుణ్ని చేసుకుంటడో ఆయన ఇష్టం."

నేను పుస్తకం పట్టుకొని కింద వరండాల కూర్చున్న. బాల్‌రాజ్ ఒక కుర్చీల, పక్కింటి బిక్షం ఇంకో కుర్చీల. బిక్షం కరెంటు డిపార్టుమెంటుల ముప్పై ఏండ్లు లైన్‌మన్ చేసి రిటైరైండు. తీగె ఏదైనా తనదే అనుకుంటడు.

పదకొండింటికి గేటు కాడ స్కూటీ ఆగింది. దిగింది ఒక ఆడపిల్ల. ఇరవై మూడేండ్లు ఉంటయేమో. వీపుకు సంచి, మెడల కంపెనీ కార్డు, దాని మీద ఝాన్సీ అని పేరు. గేటు తియ్యకుండ మాకు వీపు చేసి ఫోన్‌ల మాట్లాడుతున్నది. గొంతు తగ్గిచ్చే మాట్లాడింది గని, మా వరండాకు గేటుకు నాలుగు అడుగులే.

"సార్, పొద్దున్న రెండిళ్లలోనూ మగవాళ్లని పంపమన్నారు సార్. నన్ను డబ్బా ముట్టుకోనివ్వలేదు... లేదు సార్, నేనేమీ అనలేదు... ఈ ఒక్క కంప్లైంట్ క్లోజ్ చేసి చూపిస్తాను సార్. మళ్లీ కౌంటర్లో కూర్చోబెట్టకండి. ఫీల్డుకి రావడానికి ఆరు నెలలు ఆగాను."

ఫోన్ పెట్టేసి చున్నీతోని మొకం తుడుచుకున్నది. అప్పుడు గేటు తీసింది.

నేను వెంటనే బాల్‌రాజ్‌తోని సర్పంచ్ ఎలక్షన్ల ముచ్చట ఎత్తిన. అది ఎత్తితే ఆయన గంట దాక దిగడు. ఈసారి ఎక్కనే లేదు. ఆ పిల్ల దిక్కే చూస్తున్నడు.

ఆమె వరండా గోడకు ఉన్న డబ్బా చూసింది, దాని కింద గూట్ల ఉన్న రోబోను చూసింది. కలుస్తుంది అంకుల్, యాప్ ఉన్న ఫోన్ ఒకసారి ఇస్తారా అన్నది.

ఇదివరకు ఆ ఫోన్ ఎవరి చేతికీ ఇచ్చింది లేదు. మోసగాని ముచ్చట అయినప్పటినుంచి దానికి దస్తీ గుడ్డ చుట్టి లోపలి జేబుల పెట్టుకుంటడు. సమత అడిగినా తన చేతిల పట్టుకొనే చూపెడతడు. ఆయన చెయ్యి జేబు మీద పడ్డది గని లోపలికి పోలేదు.

బిక్షం అందుకున్నడు. "ఇయ్యకు. ఉన్నది గూడ పోగొడతది. పిల్లా, మీ ఆఫీసుల మొగోళ్లు లేరా? నేను ముప్పై ఏండ్లు స్తంభాలెక్కిన. నాకే ఒక్కోసారి సమజ్ కాదు."

ఆ పిల్ల సంచి పట్టీని రెండు చేతులతోని పట్టుకొని నిలబడ్డది. మూడో ఇల్లు కూడా అయిపోయిందన్నట్టు ఉన్నది ఆమె నిలబడ్డ తీరు.

అప్పుడు బాల్‌రాజ్ గొంతు సవరించుకున్నడు. నాకు అర్థమైంది. దగ్గిన. ఇంకా గట్టిగ దగ్గిన. వంటింట్ల ప్రమీలమ్మ కావాలనే ఒక గిన్నె కింద పడేసింది. ఆయన ఆగలేదు.

"ఏ ఊరు మీది?"

"ఇక్కడ కాదు అంకుల్. మధిర దగ్గర. ఖమ్మం జిల్లా."

బిక్షం నవ్విండు. అంత దూరంల మనోళ్లు ఎవరుంటరన్నడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వరస దొరకకపోతే పని జరుగుతది. బాల్‌రాజ్ కండ్లు మూసుకున్నడు. ఆయన కండ్లు మూసుకుంటే మూడు తరాలు వెనుకకు పోయినట్టు.

"మా తాత ఎడ్లు కొననీకి మధిర దిక్కే పోయిండు," అన్నడు కండ్లు తెరువకుండనే. "పోతే వాన. ఒకాయన ఇంటి అరుగు మీద రెండు రోజులు ఉన్నడు. ఆయనకు మా తాతకు అన్నదమ్ముల వరస కలిసింది. మీ ఇంట్ల ఎడ్లుండెనా?"

"లేదు అంకుల్. మా తాతగారు టైలర్."

"పక్కింట్ల?"

"పక్కింట్లో... ఉండే ఉంటాయి."

"చూసినవా," అన్నడు బాల్‌రాజ్ నా దిక్కు తిరిగి. "ఆయన బిడ్డలు మా నాయనకు చెల్లెండ్లు. ఈమె ఆ ఇంటి బిడ్డ. నాకు మేనత్త."

నేను మనసుల లెక్క వేసిన. బాల్‌రాజ్ తాత ఎడ్లు కొన్న కాలం మనుషుల బిడ్డలు ఇయ్యాళ ఉంటే తొంభై ఏండ్లుంటరు. ఈ పిల్లకు ఇరవై మూడు. నడుమల ఎక్కడనో రెండు తరాలు జారిపడ్డయి. పైగా అది పక్కిల్లు. వరసల విషయంల ఆయన ఇంత తప్పు లెక్క చేసుడు నేను ఎన్నడూ చూడలేదు. ఆ లెక్క ప్రకారం బావనైన నాకు ఆ పిల్ల తల్లి వరస అవుతది. నాకు డెబ్బై రెండు.

బాల్‌రాజ్ లేచి నిలబడ్డడు. భుజం మీది తువ్వాల తీసి చేతిల పట్టుకున్నడు. తన కుర్చీ ఆమెకు జరిపిండు.

"కూర్చో అత్తా. బిక్షం, మా మేనత్తను పిల్లా అనకు. నువ్వు నాకు తమ్మునివైతే నీకూ మేనత్తనే."

బిక్షం గూడ కుర్చీలకెల్లి లేచిండు. మేనత్త అంటే ఏమిటో మా దిక్కు వాళ్లకు చెప్పనక్కరలేదు. నాయన తోబుట్టువు. పెండ్లి కాడ ఆమె అలిగితే పెండ్లి ఆగుతది. ఆమె కూర్చోమంటే ఎమ్మెల్యే అయినా కూర్చోవాలె. వయసుతోని పనిలేదు.

దస్తీ విప్పి ఫోన్ రెండు చేతులతోని ఇచ్చిండు.

ఆ పిల్ల బిత్తరపోయి థాంక్స్ అంకుల్ అన్నది. అంకుల్ కాదు, బాల్‌రాజూ అనమన్నడు. ఆమె బాల్‌రాజ్ గారూ అన్నది. గారు తీసెయ్యమన్నడు, మేనత్త గారు అంటే నాకు ఆయుష్షు తక్కువైతది అన్నడు. ఆమె నా దిక్కు చూసింది. చదువుకున్నోని లెక్క కనిపించిన అనుకుంట. నేను పుస్తకం అడ్డం పెట్టుకున్న.

పని మొదలైంది. యాప్ తెరిస్తే, ముందు లొకేషన్ ఆన్ చెయ్యాలన్నది. ఆ లొకేషన్ మీద ఏడాదిగ ఇంట్ల కొట్లాట నడుస్తున్నది. మనం యాడ ఉన్నమో ఊరందరికి ఎందుకు తెలవాలె అని బాల్‌రాజ్ దాన్ని ఆన్ చెయ్యనియ్యడు. సమత ఏడ్చినా వినలేదు. ఇప్పుడు అత్తను ఆన్ చెయ్యనిచ్చిండు. వంటింటి తలుపుల నుంచి ప్రమీలమ్మ అది చూసి ముక్కు మీద వేలేసుకున్నది.

పాస్‌వర్డ్ కొట్టింది. ఫోన్‌ల గుండ్రం గీత తిరుగుకుంట డెబ్బై దాక వచ్చి ఆగింది. మళ్ల కొట్టింది. మళ్ల డెబ్బైకాడనే ఆగింది. బిక్షం ఆగలేక, అది అర్తింగ్ ప్రాబ్లం అన్నడు. తలుపు తీసి ఉంచితే గాలి మంచిగ వస్తది, వైఫై కూడా వస్తదన్నడు. ఆమె రెండు నిమిషాలు విన్నది. మూడో నిమిషంల ఫోన్ మీదినుంచి తల ఎత్తకుండనే, "బిక్షం, కాసేపు ఊరుకో," అన్నది.

అన్నంక ఆమెకే భయమైంది. బిక్షం సరే అత్తా అన్నడు. ముప్పై ఏండ్ల సర్వీసుల తన పై ఇంజనీరుకు కూడ ఆయన అంత తొందరగ సరే అనలేదు.

అక్కడినుంచి ఆమె గొంతు మారింది. సంగతి ఏందో దొరికింది కూడా. కొత్త డబ్బా రెండు రకాల వైఫై ఇస్తదట, ఒకటి స్పీడుది, ఒకటి నిదానంది. రెండిటికీ ఒకటే పేరు ఉన్నది. రోబోకు నిదానందే తెలుసు. ఫోనేమో స్పీడుది పట్టుకుంటున్నది. రెండిటినీ విడగొట్టి, నిదానందానికి వేరే పేరు పెట్టాలె. బాల్‌రాజ్‌కు ఎంటనే సమజ్ అయింది. చిన్నల్లుడు సర్వీసు రోడ్డు మీద పొయ్యేటోడు, మనం ఔటర్ రింగు రోడ్డు ఎక్కమంటున్నం అన్నడు. అంతే అన్నది ఆమె. పేరు ఏం పెట్టాలని అడిగితే, అత్త ఏది పెడితే అదేనన్నడు. ఆమె ఇంటి నంబరే పెట్టింది.

"బాల్‌రాజూ, రోబో మీద రెండు బటన్లు ఉన్నాయి. రెండూ కలిపి నొక్కి పట్టుకో. నేను చెప్పేదాకా వదలొద్దు."

అరవై నాలుగేండ్ల మనిషి, ఒకప్పటి వార్డు మెంబరు, నేల మీద గొంతుక్కూర్చుండి చిన్నల్లుని నెత్తి మీద రెండు వేళ్లు పెట్టిండు. రోబో ఇంగ్లీషుల ఏదో అన్నది. వదలమన్నది. వదిలిండు. గీత తిరిగింది. డెబ్బై. జర ఆగింది. ఎనభై. తొంభై. నూరు. రోబో కనెక్టెడ్ అన్నట్టు ఒక మోత చేసి, గూట్లకెల్లి బయటికొచ్చి, బిక్షం చెప్పులను మెల్లగ తోసుకుంట పోయి, హాల్ల పడ్డది. దేవునర్ర గడప కాడ గీత ఉన్నచోట ఆగి, బుద్ధిమంతుని లెక్క వెనుకకు తిరిగింది.

కంప్లైంట్ మూసేటందుకు బాల్‌రాజ్ ఫోన్‌కు నాలుగంకెల నంబరు వచ్చింది. మోసగానికి నలభై నిమిషాలల్ల చెప్పని మనిషి, మేనత్తకు రెండుసార్లు చదివి చెప్పిండు.

ప్రమీలమ్మ బొట్టు పెట్టనీకి కుంకుమ తెచ్చింది. భర్తకు మేనత్త అయితే ఆమెకు చిన్నమ్మ వరస. కాళ్లు మొక్కాలె గని నడుము వంగది, చిన్నమ్మా ఏమనుకోకు అన్నది నవ్వుకుంట. ఆ పిల్ల ఎగిరి రెండడుగులు వెనుకకు దుంకింది. బొట్టు మాత్రం పెట్టించుకున్నది. పొయ్యేటప్పుడు కొంచెం మొగమాటంగ చెప్పింది, రేపు ఆఫీసు నుంచి ఫోన్ చేసి నా పనికి ఐదులో ఎన్ని మార్కులని అడుగుతారు, ఇవ్వాలనిపిస్తేనే ఇవ్వండి, అది బాగా వస్తే నన్ను ఫీల్డులోనే ఉంచుతారు అని. వచ్చినప్పుడు గేటు సందు చేసుకొని దూరినామె, పోయేటప్పుడు గేటు బార్లా తెరిచి పోయింది.

బిక్షం కూడా పోయినంక నేను పుస్తకం మూసి అడిగిన. "బావా, ఆ లెక్కల రెండు తరాలు ఏమైనయి?"

బాల్‌రాజ్ ఫోన్‌కు దస్తీ చుట్టుకుంటున్నడు.

"మూడు," అన్నడు. "నేను ఎంచిన. మూడు తక్కువ పడ్డయి."

"మరి ఎడ్లు?"

"మా తాత ఎన్నడు శంకర్‌పల్లి దాటిండు, ఎడ్లు కొననీకి."

నేను చూస్తనే ఉన్న. ఆయన జర సిగ్గుపడ్డట్టు అనిపించింది. "నువ్వు విన్నవు కద ఆమె ఫోన్ల ఏం మాట్లాడిందో. బిడ్డ అంటే పని చెయ్యనియ్యొద్దు. కోడలు అంటే ఊకె వంటింట్లకు పంపాలె. చెల్లె అన్నా బిక్షంగాడు ఇనడు. మేనత్త అంటెనే వాడు నోరు మూస్తడు. నేను గూడ మూస్త. ఇంకేం చెయ్యమంటవు?"

శ్రవణ్ సంగతి అడిగిన. ఆ పిలగాని పెదవులు ఎండిపోయి ఉన్నయట, పొద్దటిసంది ఏమీ తినలేదట. తినుమంటె తినేటోడు కాదు, అల్లున్ని చేస్తె తిన్నడు అన్నడు. రాకేష్‌ను వచ్చేటప్పటికే ఫోన్ల ఎవడో బండబూతులు తిడుతున్నడట. లోపల ప్రమీల కొంగు దోపుకొని తయారుగున్నది, వియ్యంకున్ని చెయ్యకపోతే ఆ మనిషి ఏమైపోవాలె అన్నడు.

"మరి చెల్లె నడుము?" అన్న.

"అందుకే కద నేను ఊడ్చిన."

నేను పుస్తకం మళ్ల తెరిచిన.

మరునాడు పొద్దున పదింటికి ఫోన్ వచ్చింది. బాల్‌రాజ్ ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదనే ఉంటది. వరండాల నేను, తలుపుల ప్రమీలమ్మ. లోపల చిన్నల్లుడు ఊడుస్తున్న మోత. అవతల ఒక ఆడపిల్ల కాగితం చూసి చదువుతున్నట్టు అడిగింది.

"సార్, నిన్న మీ ఇంటికి వచ్చిన ఝాన్సీ గారి పనికి ఒకటి నుంచి ఐదు వరకు ఎన్ని మార్కులు ఇస్తారు?"

"మేనత్తకు నేను మార్కులేసుడేంది బిడ్డా," అన్నడు బాల్‌రాజ్. "పెద్దమనిషి."

అవతల కాగితం తిప్పిన మోత వచ్చింది. "ఆమె మీ బంధువా సార్?"

"మేనత్త అంటె బంధువు కాదా మరి."

"సారీ సార్. మా స్టాఫ్ బంధువుల ఇళ్లలో చేసిన పని లెక్కలోకి రాదు. మార్కులు తీసుకోము. కంప్లైంట్ మళ్లీ ఓపెన్ చేసి వేరే టెక్నీషియన్‌ని పంపిస్తాము."

ప్రమీలమ్మ తలుపు పట్టుకున్నది. నేను పుస్తకం కింద పెట్టిన. బాల్‌రాజ్ ఫోన్ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. ఆయనకు చెమటపట్టింది. పోలీసును, మోసగాన్ని, ఊడ్చే మిషన్‌ను కూడా విడువని మనిషి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆ మాట ఆయన నోటెంట రాలేదు.

"సార్? బంధువా, కాదా?"

"కాదు," అన్నడు. దస్తీతోని మొకం తుడుచుకొని మళ్ల అన్నడు. "ఆమె మాకు ఏమీ కాదు. యాడిదో ఏమో, మధిరదట. పని మాత్రం మంచిగ చేసింది. ఐదు రాసుకో."

రాసుకున్నం సార్ అన్నదామె. ఫోన్ పెట్టేసిండు. దానికి దస్తీ చుట్టి జేబుల పెట్టుకున్నడు. తరువాత లేచి నన్ను అడిగిండు.

"బావా, మధిర ఏ దిక్కు?"

నేను తూర్పు చూపెట్టిన.

బాల్‌రాజ్ చెప్పులు విడిచి తూర్పు దిక్కు తిరిగి, రెండు చెంపలూ టపటప వాయించుకున్నడు.